గ్లోబ్యులిన్ తగ్గిందంటే ఏమిటి?

కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల ఏ చిన్న ల్యాబులో చేయించినా, లివర్ ఫంక్షన్ టెస్టు రిపోర్టులో బిలిరుబిన్, ఎంజైములతో పాటు టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే మూడు వరుసలు ఉంటాయి. కామెర్లు ఉన్నాయో లేవో చూసుకుని కాగితం మడిచి పెట్టేవారే ఎక్కువ కాబట్టి ఆ మూడో వరుస మీద చూపు నిలవదు. గ్లోబ్యులిన్‌ను సాధారణంగా విడిగా కొలవరు. మొత్తం ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్‌ను తీసివేయగా మిగిలిన అంకెనే అక్కడ రాస్తారు. ఆ మిగిలినదాంట్లో పెద్ద వాటా క్రిములతో పోరాడే ప్రోటీన్లయిన యాంటీబాడీలది. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చిన పిల్లవాడికో, నెలల తరబడి చెవిలో చీము కారుతున్న పాపకో, సైనసైటిస్ మానినట్టే మాని తిరగబెడుతున్న పెద్దవారికో ఆ అంకె డెసిలీటరుకు 2 గ్రాముల కన్నా తక్కువగా ఉంటే అక్కడ ఆగి ఆలోచించాలి. ఇన్ని ఇన్ఫెక్షన్లతో పోరాడుతున్న శరీరంలో యాంటీబాడీలు పెరగాలి, గ్లోబ్యులినూ పెరగాలి. అది తగ్గి ఉండటం ఎదురు లెక్క.

శరీరం యాంటీబాడీలను తయారుచేసుకోలేని ఈ లోపాన్ని మొదట పట్టుకున్నది కూడా రక్తంలోని ప్రోటీన్లను చూసే పరీక్షే. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, మాటిమాటికీ న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ల పాలవుతున్న ఎనిమిదేళ్ల అబ్బాయి సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎలెక్ట్రోఫోరెసిస్ (విద్యుత్తుతో ప్రోటీన్లను విడదీసే పరీక్ష) చేయించగా, యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ కనిపించవలసిన చోట ఏమీ కనిపించలేదు. ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను ఇంజెక్షన్లుగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ఇన్ఫెక్షన్లు తగ్గిపోయాయి. దీనికి కారణమైన జన్యువును 1993లో గుర్తించి, దాని పేరులో బ్రూటన్ పేరును నిలిపారు.

ఇప్పుడు అనుమానం వచ్చినప్పుడు ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే మూడు రకాల యాంటీబాడీలను విడివిడిగా కొలుస్తారు. సీరంలో వాటిని అంటుకునే మరో యాంటీబాడీని కలిపితే సన్నని ముద్దలు ఏర్పడతాయి. కొత్తనీరు వచ్చిన తుంగభద్రలో వెలుగు చెదిరినట్టు, ఆ ద్రవం గుండా పోయే కాంతి చెదురుతుంది. ఎంత చెదిరిందో చూసి మోతాదు లెక్కకడతారు. పెద్దవారిలో ఐజీజీ డెసిలీటరుకు ఇంచుమించు 700 నుంచి 1600 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. పిల్లల విషయంలో మాత్రం ఈ అంకెలు పనికిరావు. తల్లి నుంచి మాయ గుండా వచ్చిన ఐజీజీ మూడు వారాలకొకసారి సగమవుతూ పోతుంది, బిడ్డ సొంత ఉత్పత్తి ఇంకా పుంజుకోదు. కాబట్టి ఐదు నెలల పసిబిడ్డకు 300 ఉన్నా అది మామూలే. రిపోర్టు పక్కన అచ్చయిన పెద్దల హద్దులను చూసి తల్లిదండ్రులు బెంబేలెత్తకూడదు. అలాగే బడికి వెళ్లే చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం కూడా లోపం కాదు.

అంకె ఉన్నంత మాత్రాన యాంటీబాడీలు పనిచేస్తున్నట్టు కాదు. అందుకే ధనుర్వాతం లేదా న్యుమోకాకస్ టీకా వేసి, వేయకముందూ, వేసిన నాలుగు నుంచి ఎనిమిది వారాలకూ వాటికి సంబంధించిన యాంటీబాడీలను కొలిచి పోలుస్తారు. ఇంతకన్నా చవకైన జాడ ఒకటి బ్లడ్ బ్యాంకులోనే దొరుకుతుంది. ‘ఓ’ బ్లడ్ గ్రూపు వారి సీరంలో ఏ, బీ కణాలకు విరుద్ధమైన యాంటీబాడీలు సహజంగానే ఉండాలి. ఏడాది దాటిన బిడ్డలో అవి కనిపించకపోతే టెక్నీషియన్ దాన్ని గ్రూపింగ్‌లో తేడాగా మాత్రమే రాసి ఊరుకోకుండా డాక్టరుకు చెప్పడం చాలా అవసరం.

మన జిల్లాల్లో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది జ్వరం రాగానే చేయించే వైడాల్ పరీక్ష. టైఫాయిడ్ క్రిమికి రోగి శరీరం తయారుచేసిన యాంటీబాడీలనే అది వెతుకుతుంది. వాటిని తయారుచేసుకోలేని మనిషిలో టైఫాయిడ్ ఉన్నా వైడాల్ నెగటివ్‌గానే రావచ్చు. డెంగీ ఐజీఎం, హెచ్‌ఐవీ యాంటీబాడీ పరీక్షలకూ ఇదే చిక్కు. డెంగీ వైరస్ ప్రోటీన్‌నే వెతికే ఎన్‌ఎస్‌1, క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ మాత్రమే అలాంటివారి విషయంలో నమ్మదగినవి. ఊపిరితిత్తుల్లో పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చి శ్వాసనాళాలు సాగి దెబ్బతిన్నవారిని, కఫంలో క్రిమి కనిపించకపోయినా క్షయ రోగులుగానే చూస్తూ మందులు వాడించడమూ జరుగుతుంటుంది.

బ్రూటన్ చూసిన రకం లోపం ఎక్స్ క్రోమోజోముకు సంబంధించినది కనుక, తల్లికి ఏ ఇబ్బందీ లేకుండానే కొడుక్కి సంక్రమిస్తుంది. “మీ అన్నదమ్ముల్లో పసితనంలోనే పోయినవాళ్లు ఉన్నారా అమ్మా?” అని తల్లిని అడగడం, నోరు తెరిపించి టాన్సిల్స్ ఉండవలసినంత ఉన్నాయో లేదో చూడటం రక్తపరీక్షంత విలువైనవి. ఈ లోపంలో టాన్సిల్స్ ఉండీ లేనట్టుంటాయి. కుటుంబంలో అలాంటి మరణాలు లేనంత మాత్రాన అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. మేనరికాలు ఇంకా సాగుతున్న మన ప్రాంతంలో, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే జన్యులోపం చేరితే వచ్చే రకాలు ఆడపిల్లల్లోనూ కనిపించవచ్చు.

ఐజీజీ తక్కువని తేలాక, వేరే కారణాలున్నాయేమో తెలుసుకోవడానికి ముందుగా మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూడాలి, మూర్ఛకు వాడే కొన్ని మందులు, బీ కణాలను నశింపజేసే రిటుక్సిమాబ్ అనే మందు, రక్త క్యాన్సర్ల గురించీ ఆరా తీయాలి. తర్వాతది, యాంటీబాడీల తయారీకి మూలమైన ఆ బీ కణాలను లెక్కించే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష. సీరంను ఫ్రీజర్‌లో ఘనీభవింపజేసి ఎంత దూరమైనా పంపవచ్చు; ఈ పరీక్షకు మాత్రం బతికున్న కణాలు కావాలి కాబట్టి, కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా రక్తం ఫ్రీజర్‌లో పెట్టకుండా ఒకటి రెండు రోజుల్లో చేరాలి.

చికిత్సగా మూడు నాలుగు వారాలకొకసారి, కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాముల చొప్పున ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తారు. బిడ్డ ప్రమాదంలో ఉన్నప్పుడు దాన్ని వెంటనే ఎక్కించవలసి రావచ్చు. అయితే ఆ సీసాలో ఉన్నది వేలమంది దాతల ఐజీజీ. అది ఒకసారి ఒంట్లోకి వెళ్లాక చేసే పరీక్షలో కనిపించేది వారిదే తప్ప బిడ్డది కాదు, అది కరిగిపోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి మొదటి చుక్క ఎక్కించకముందే రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, సీరం వేరుచేసి, పేరూ తేదీ రాసి ఫ్రీజర్‌లో దాచి ఉంచాలి.