కంచె కింద గడ్డి

బెంగళూరు మెట్రోలో తిరిగేవాళ్లకు చెప్తే నమ్మరు గానీ, నగరం దక్షిణపు అంచునే ఉన్న బన్నేరుఘట్ట అడవిలో ఏనుగుల గుంపులున్నాయి. హోసూరు, డెంకణికోట అడవులు ఒకవైపు, కావేరి అభయారణ్యం మరోవైపు వాటి రాకపోకల దారులు. ఆ దారుల పక్కనే రాగి చేలు. సాగుచేసేవాళ్లలో మన తెలుగు రైతులూ బోలెడుమంది. 1980లలో చిత్తూరు జిల్లా కౌండిన్య అడవికి ఏనుగులు వలస వచ్చింది కూడా హోసూరు వైపునుంచే.

పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత కావాలి. అడవి గడ్డికంటే రాగి పైరులో మాంసకృత్తులు, ఖనిజాలు ఎక్కువ కాబట్టి ఒక్క రాత్రి చేలో పడితే చాలా గిట్టుబాటు. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏనుగుల శాస్త్రవేత్త ఆర్. సుకుమార్ దశాబ్దాల కిందటే తేల్చిన సంగతి ఇది. చేలమీదికి తెగించి వచ్చేవి ఎక్కువగా మగవే. పిల్లలున్న ఆడగుంపు అంత తెగింపు చెయ్యదు.

సోలార్ కంచె పెట్టాక కూడా ఏనుగు వచ్చిందంటే తప్పు సాధారణంగా కంచెది కాదు, దాని కింది గడ్డిది. కంచెకు కరెంటు పంపే పెట్టె, అంటే ఎనర్జైజర్, 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని, సెకనుకో సారి 5 వేలనుంచి 9 వేల వోల్టుల తాకిడి తీగలోకి వదులుతుంది. అది సెకనులో వందో వంతు కూడా ఉండదు. చురుక్కుమంటుంది, వెనక్కి దూకే వ్యవధీ దొరుకుతుంది. తీగకు తగిలిన ప్రతి పచ్చి ఆకూ ఆ కరెంటును కొంచెం కొంచెంగా నేలలోకి జార్చేస్తుంది. ఇక్కడే చిక్కు: రాగి గింజ పాలు పోసుకునేది వానలు పడ్డాకే, గడ్డి నడుమెత్తు పెరిగేదీ అప్పుడే. కంచెతో అసలు పని పడే వారాల్లోనే అది నీరసిస్తుంది. అందుకే మీటరు రీడింగు బ్యాటరీ దగ్గర కాదు, కంచె చిట్టచివర తియ్యాలి.

ఎండాకాలం ఇంకో తంటా. ఎర్రనేల ఎండితే ఎర్తింగ్, అంటే కరెంటు నేలగుండా తిరిగొచ్చే దారి, పనిచెయ్యదు. ఎర్తింగ్ రాడ్లు కనీసం మూడు, ఎడంఎడంగా లోతుగా దింపి, చుట్టూ నీళ్లు పోస్తూ ఉండాలి. లేదా ఒక తీగ కరెంటుకు, ఒక తీగ ఎర్త్‌కు చొప్పున మార్చి మార్చి కట్టాలి. ఇంత చేసినా ఒక ముదురు మగ ఏనుగు వచ్చి, దంతంతో తీగను తెంపేస్తుంది. దంతంలోకి కరెంటు సరిగా ఎక్కదు మరి! కొన్ని ఏనుగులు చెట్టు కొమ్మ విరిచి తీగలమీద పడేస్తాయి. స్తంభాలు లోపలికి పెట్టి, తీగలు పైనుంచి వేలాడదీసే కంచె వచ్చింది ఇందుకే. దానికి గడ్డి బెడదా తక్కువే.

కందకాల సంగతి చెప్పక్కర్లేదు. రెండు వానలకు గట్లు కూలతాయి, మిగతాది ఏనుగే కాలితో తోసుకుంటుంది.

ఇంటి లైను నుంచి నేరుగా 230 వోల్టులు తీగకు తగిలించడం మాత్రం నేరం. ఆ కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుపోయి వదిలించుకోవడం కుదరదు. ఏనుగుతో పాటు, తెల్లారి చెంబు పట్టుకుని వెళ్లిన మనిషీ పోతాడు.

పంట పోయాక అటవీశాఖ మనుషులు చూసేదాకా మిగిలిన చేను కొయ్యకూడదు. తొక్కిన చోటు, అడుగుజాడలు కనిపించేలా ఫోటోలు తియ్యాలి. అసలు పేచీ కౌలు రైతుకే: పహాణీ ఒకరి పేరున, పోయిన పంట ఇంకొకరిది. పరిహారం ఎవరి చేతికి రావాలో నాటేముందే కాగితంమీద రాసుకోవాలి. కంచె కింద గడ్డి కోసే కూలి ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాసుకుంటే ఇంకా మంచిది.