డబ్బు కట్టి కొనే మొబైల్ సెక్యూరిటీ యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: యాంటీవైరస్ కొంటే అది ఫోన్ మొత్తాన్నీ జల్లెడ పడుతుంది

కంప్యూటర్లో చాలావరకు నిజమే కానీ ఫోన్లో కుదరదు. ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌కి తాళం వేసిన ఒక్కో గది ఇస్తుంది. మీ బ్యాంకు యాప్ గదిలోకి వాట్సాప్ తొంగిచూడలేదు, డబ్బు పోసి కొన్న సెక్యూరిటీ యాప్ కూడా చూడలేదు. దానికి అందేవి ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల ఫైళ్లు, మీరు అనుమతిస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డరు. వాటిని తన దగ్గరున్న చెడ్డ యాప్‌ల వివరాలతో పోల్చి చూస్తుంది. దాదాపు ఇదే పనిని గూగుల్ ప్లే ప్రొటెక్ట్ 2017 నుంచి ఉచితంగా చేస్తోంది. ప్లే స్టోర్లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, ప్లే ప్రొటెక్ట్ తెరిచి, గేర్ గుర్తులోకి వెళ్లండి. అక్కడి స్విచ్‌లు ఆన్‌లో ఉండాలి.

ఐఫోన్లో ఆ మాత్రం కూడా లేదు. ఒక యాప్ ఇంకో యాప్‌ని స్కాన్ చేసే దారే ఆపిల్ ఇవ్వలేదు. అక్కడ సెక్యూరిటీ పేరుతో అమ్మేది వీపీఎన్ (మన నెట్ రాకపోకలను దాచే సేవ), మోసపు లింకుల ఫిల్టరు, పాస్‌వర్డ్ లీకైతే వచ్చే అలర్టు. వాటి అవసరం ఉంటే కొనుక్కోవచ్చు గానీ, వైరస్ స్కాన్ అనుకుని మాత్రం కొనకండి.

అపోహ: మంచి యాప్ ఉంటే బ్యాంకులో డబ్బు భద్రం

డబ్బు ఎలా పోతుందో చూస్తే విషయం అర్థమవుతుంది. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో ఒక ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ల వాట్సాప్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉంటుంది. నొక్కగానే ఫోన్ ఆపి, ఈ చోటు నుంచి ఇన్‌స్టాల్ చేయనివ్వాలా అని అడుగుతుంది. మనం సరే అంటాం. తర్వాత ఎస్ఎంఎస్ చదివే అనుమతి, దానికీ సరే. ఆపైన ఐకాన్ మాయమవుతుంది, వచ్చిన ప్రతి ఓటీపీ అవతలివాళ్లకు చేరుతుంటుంది.

ఆ ఏపీకే నిన్న రాత్రి తయారైనదైతే ఏ కంపెనీ జాబితాలోనూ ఉండకపోవచ్చు. అందుకే గూగుల్ 2024లో మన దేశం కోసం ప్లే ప్రొటెక్ట్‌లో ప్రకటించిన ఏర్పాటు వేరే దారి పట్టింది. బ్రౌజర్ నుంచో, మెసేజింగ్ యాప్ నుంచో వచ్చిన ఏపీకే ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ (తెర మీదున్నది చదివి, మన బదులు నొక్కే అధికారం) లాంటి అనుమతులు కోరితే ఇన్‌స్టాలే ఆపేస్తుంది. ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమని ఎవరైనా ఫోన్లో చెబుతుంటే, అందుకే చెబుతున్నారు.

ఖర్చులేని ఉపాయం ఒకటుంది. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ వెతికి వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్లకు అనుమతి తీసేయండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. అప్పుడు ఓటీపీ దొరికినంత మాత్రాన మీ ఖాతా మరో ఫోన్లో తెరుచుకోదు.

ఇప్పటికే నొక్కేశారా? ముందు ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆఫ్ చేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే చెప్పండి. డబ్బు చేతులు మారేలోపు ఆపించే అవకాశం ఆ తొలి గంటల్లోనే ఎక్కువ. వచ్చిన నంబరు, చాట్, ఫైలు పేరు వేరే ఫోన్‌తో ఫొటో తీసుకోండి, రీసెట్ చేశాక ఆధారం మిగలదు. తర్వాత సేఫ్ మోడ్, అంటే మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి. చాలా ఫోన్లలో పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ను నొక్కిపట్టుకుంటే వస్తుంది. ఆ దొంగ యాప్ డివైస్ అడ్మిన్ యాప్స్ (ఫోన్‌పై అదనపు అధికారం ఉన్న యాప్‌లు) జాబితాలో ఉంటే, అక్కడ టిక్కు తీశాకే అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, పోవట్లేదని వదిలేస్తారు. అనుమానం మిగిలితే ఫ్యాక్టరీ రీసెట్.

ఇక యూపీఐ పిన్ మనమే కొట్టి పంపిన డబ్బు సంగతి. దాన్ని ఏ యాప్ కూడా దొంగతనంగా గుర్తించలేదు.

అపోహ: డబ్బు తీసుకునేవన్నీ పనిచేసేవే

ఏవీ కంపారిటివ్స్ అనే పరీక్షా సంస్థ 2019లో 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్‌లను పరీక్షించింది. చెడ్డ యాప్‌ల నమూనాల్లో 30 శాతానికి మించి పట్టుకున్నవి 80 మాత్రమే. తెలిసిన పేరే అయినా నిశ్చింతగా ఉండలేం. వాడుకరుల బ్రౌజింగ్ వివరాలు అమ్మినందుకు యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తేల్చింది. సెక్యూరిటీ యాప్‌కి మనమిచ్చే అనుమతులు మామూలువి కావు మరి.

అపోహ: అప్‌డేట్లు ఆగిన పాత ఫోన్‌కి యాంటీవైరస్ చాలు

చాలదు. లోపం ఆపరేటింగ్ సిస్టంలో ఉంటుంది, దాన్ని పూడ్చే అధికారం పైనున్న యాప్‌కి లేదు. సెక్యూరిటీ ప్యాచ్ (లోపాలు పూడ్చే అప్‌డేటు) చివరిగా వచ్చిన తేదీ చూడండి. ఏడాది దాటి ఉంటే రెండేళ్ల చందా డబ్బు కొత్త ఫోన్‌కి దాచుకోవడం నయం.

అపోహ: బూస్టర్, క్లీనర్ కూడా ఉంది కాబట్టి గిట్టుబాటే

ర్యామ్ ఖాళీ చేసే పని ఆండ్రాయిడ్ తనంతట తానే చూసుకుంటుంది. బలవంతంగా మూసిన యాప్ మళ్లీ తెరుచుకోవడానికే బ్యాటరీ ఖర్చు. పోయిన ఫోన్ వెతకడానికీ డబ్బు అక్కర్లేదు: గూగుల్ ఫైండ్ హబ్ ఉంది, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) బ్లాక్ చేయడానికి ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీ ఉంది.

మరి ఎవరికైనా పనికొస్తుందా?

కొందరికి వస్తుంది. వచ్చిన ప్రతి లింకూ నొక్కే అమ్మానాన్నల ఫోన్లో, మోసపు వెబ్‌సైటు తెరుచుకోకుండా అడ్డుకునే ఫీచరు విలువైనదే. ఇంట్లో కంప్యూటర్‌కి మల్టీ డివైస్ లైసెన్స్ ఉంటే ఫోన్ కూడా అందులోకి వస్తుందేమో చూడండి, విడిగా కొనక్కర్లేదు. స్కాన్ ఒక్కటే చాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన ఎం కవచ్ 2 ఉచితం.

కొనేముందు మొదటి ఏడాది ధర కాదు, రెన్యూవల్ ధర చూడండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. నేరుగా కంపెనీ సైటులో కొన్నదైతే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్ కూడా తీసేయాలి.