యుద్ధం వద్దన్నవాళ్ళు దేశానికి పరాయివాళ్ళా?

పిల్లలూ,

మొన్న రాత్రి ఫోన్‌లో మీ ఇద్దరి గొడవ నా చెవిన పడింది. టీవీలో యుద్ధం వార్తలు వస్తున్నాయి. ఎక్కడో ఒక దేశంలో కొందరు "ఈ యుద్ధం మాకొద్దు" అని రాసిన అట్టలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. "సొంత సైన్యం పోరాడుతుంటే వద్దనేవాడు దేశద్రోహి కాక ఇంకేమిటి?" అన్నాడు పెద్దవాడు. "కాదు" అంది చిన్నది. ఎందుకు కాదో చెప్పలేక ఏడుపు ముఖంతో లేచి వెళ్ళిపోయింది. అప్పుడే నేను కలగజేసుకుని ఉండవచ్చు. కానీ ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు పెద్దవాడి మాటే తీసుకుంటాను. అందులో బలం ఉంది. ప్రాణానికి తెగించి సరిహద్దులో నిలబడ్డవాడికి, ఇంటి దగ్గర జనం "ఈ యుద్ధం తప్పు" అంటున్నారని తెలిస్తే మనసు ఎంత చివుక్కుమంటుందో ఊహించగలను. ఎదుటి పక్షం అది విని సంబరపడుతుందన్నదీ నిజమే. ఈ బాధను తేలిగ్గా తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

అయితే, ఆ నిలబడ్డవాణ్ణి అక్కడికి పంపింది ఎవరు నాన్నా? ఆ రోజు అధికారంలో ఉన్న కొద్దిమంది. ఒక గదిలో కూర్చుని, తమకు అందిన సమాచారంతో, తమ భయాలతో, ఒక్కోసారి తమ పరువు నిలబెట్టుకోవడానికి తీసుకున్న నిర్ణయం అది. వాళ్ళూ మనలాంటి మనుషులే, పొరబడతారు. పన్నులు పెంచారనో, బడి కట్టలేదనో ప్రభుత్వాన్ని నిలదీసినవాణ్ణి ఎవరూ ద్రోహి అనరు. తీరా అన్నిటికన్నా పెద్ద నిర్ణయం, వేలమంది పిల్లల్ని చావుకు ఎదురు పంపే నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూసుకోమంటాం. ఈ లెక్క నాకు ఏనాడూ అర్థం కాలేదు.

ఇక్కడ మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు జాఁ జోరెస్. ఫ్రాన్స్ పార్లమెంటు సభ్యుడు, సోషలిస్టు నాయకుడు, పత్రికా సంపాదకుడు. 1914 జూలై నెలాఖరుకి యూరప్ దేశాలు ఒకదాని మీద ఒకటి కాలు దువ్వుతున్నాయి. ఎలాగైనా యుద్ధం ఆపాలని ఆయన కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. జూలై 31, శుక్రవారం. ఆ రోజు కూడా విదేశాంగ శాఖ దాకా వెళ్ళి మొత్తుకుని వచ్చాడు. రాత్రి తొమ్మిది దాటాక, తన పత్రిక ఆఫీసుకు దగ్గర్లోని ఒక కెఫేలో సహచరులతో కలిసి భోజనానికి కూర్చున్నాడు. వేసవి కదా, కిటికీ తెరిచే ఉంది. ఆయన దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గరున్న ఒక విలేఖరి తన చిన్న కూతురి ఫోటో తీసి చూపించాడు. జోరెస్ దాని మీదికి వంగి చూస్తున్నాడు. అంతలో వెనక కిటికీ తెర పక్కకు తొలిగింది. రెండు తూటాలు. ఆయన అక్కడికక్కడే ఒరిగిపోయాడు.

కాల్చినవాడు రవుల్ విలెన్ అనే యువకుడు. వాడి దృష్టిలో జోరెస్ దేశద్రోహి. దేశం కోసమే కాల్చానని నమ్మాడు.

అసలు జోరెస్ ఎలాంటివాడో చూడండి. దేశాన్ని కాపాడుకోవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. యుద్ధానికి మూడేళ్ళ ముందే, 1911లో, ఫ్రాన్స్ రక్షణ ఎలా ఉండాలో వివరిస్తూ పెద్ద పుస్తకమే రాశాడు. ప్రజలంతా శిక్షణ పొంది, దండయాత్రలకు పోకుండా తమ నేలను తాము కాపాడుకునే సైన్యం కావాలన్నది ఆయన వాదన. ఆయన వద్దన్నది రాజుల, మంత్రుల లెక్కలు తప్పి వచ్చిపడుతున్న ఆ ఒక్క యుద్ధాన్ని. ఆయన పోయిన మూడో రోజున జర్మనీ ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. నాలుగేళ్ళలో సుమారు 14 లక్షల మంది ఫ్రెంచి సైనికులు చనిపోయారు. వాళ్ళలో జోరెస్ కొడుకు లూయీ కూడా ఉన్నాడు. 1918లో, పందొమ్మిదేళ్ళ వయసులో. తండ్రిని ద్రోహి అన్నారు, కొడుకు అదే దేశం కోసం నేలకొరిగాడు. 1919లో కోర్టు విలెన్‌ను నిర్దోషి అని వదిలేసింది. పైగా కోర్టు ఖర్చులు జోరెస్ భార్య నెత్తిన వేశారు. భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న మనిషి ఆవిడ. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ తర్వాత ఐదేళ్ళకు, 1924లో, అదే ఫ్రాన్స్ జోరెస్ అవశేషాలను తీసుకెళ్ళి తన మహనీయుల్ని దాచుకునే పాంథియన్‌లో ఉంచింది.

ఇలాంటి తండ్రులు ఇంకా ఉన్నారు. 1846లో అమెరికా మెక్సికోతో యుద్ధానికి దిగింది. హెన్రీ క్లే అనే పెద్ద నాయకుడి కొడుకు 1847 ఫిబ్రవరిలో బ్యూనా విస్టా దగ్గర పోరాడుతూ పోయాడు. అదే ఏడాది నవంబరులో ఆ తండ్రి జనం ముందు నిలబడి ఈ యుద్ధం అనవసరమైనదని చెప్పాడు. డేనియల్ వెబ్‌స్టర్ అనే మరో నాయకుడూ ఆ యుద్ధాన్ని వ్యతిరేకించాడు. ఆయన కొడుకు సైన్యంలో ఉండగానే మెక్సికోలో జబ్బుపడి చనిపోయాడు. వీళ్ళకు సైనికుల మీద ప్రేమ లేదని ఎవరైనా అనగలరా?

ఆ యుద్ధం గురించే ఒక కొత్త సభ్యుడు 1847 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్‌లో, అంటే వాళ్ళ పార్లమెంటులో, లేచి నిలబడ్డాడు. "మన నేల మీద మన రక్తం చిందించారు" అని అధ్యక్షుడు పోక్ యుద్ధానికి కారణం చెప్పాడు కదా, ఆ రక్తం చిందిన చోటు సరిగ్గా ఎక్కడుంది, అది నిజంగా మన నేలేనా, చూపించండి అని తీర్మానాలు పెట్టాడు. సొంత రాష్ట్రంలోనే తిట్టారు, ఆ "చోటు" మాట పట్టుకుని ఎగతాళి పేరు పెట్టారు. సైనికులకు కావలసిన సామగ్రికి డబ్బు మంజూరు చేసే దగ్గర మాత్రం అతను అవుననే ఓటు వేశాడు. యుద్ధం మొదలుపెట్టినవాళ్ళను ప్రశ్నించడం వేరు, పోరాడుతున్నవాడి నోటి దగ్గర కూడు లాగడం వేరు అన్న తేడా అతనికి తెలుసు. అతని పేరు అబ్రహం లింకన్. పద్నాలుగేళ్ళ తర్వాత తన దేశం రెండు ముక్కలు కాకుండా ఆపడానికి అంతకంటే ఎంతో భయంకరమైన యుద్ధాన్ని నడిపించింది ఆయనే. అంటే ఒక యుద్ధాన్ని కాదన్నవాడు ప్రతి యుద్ధాన్నీ కాదన్నట్టు కాదు.

ఇక సైనికుడి మనసు సంగతి. దానికి ఒక సైనికుడే జవాబు చెప్పాడు. సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే ఇంగ్లీషు అధికారి మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్ళను తూటాల వానలోంచి మోసుకొచ్చినందుకు మిలిటరీ క్రాస్ పతకం పొందాడు. 1917లో ఆయన ఒక ప్రకటన రాశాడు. దేశరక్షణ కోసమని తాను చేరిన యుద్ధం ఇప్పుడు ఆక్రమణ కోసం సాగుతున్న యుద్ధంగా మారిందని, ముగించగలిగినవాళ్ళే కావాలని సాగదీస్తున్నారని, బాధపడుతున్న సైనికుల తరఫున ఈ మాట చెబుతున్నానని రాశాడు. జూలై 30న దాన్ని బ్రిటిష్ పార్లమెంటులో చదివారు. సైనిక కోర్టులో నిలబెడితే గొడవ పెద్దదవుతుందని, నరాలు దెబ్బతిన్నవాళ్ళ కోసం పెట్టిన ఆసుపత్రికి పంపారు. అక్కడే ఉండిపోతే ప్రాణం భద్రం. కానీ తనవాళ్ళు అక్కడ చస్తుంటే తను ఇక్కడ ఉండలేకపోయాడు. మళ్ళీ యుద్ధరంగానికి వెళ్ళాడు, 1918లో తలకు తూటా తగిలి బతికి బయటపడ్డాడు. ఆ యుద్ధం తప్పని ఆయన అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నిజానికి ఈ ద్రోహి అనే నింద చాలా పాతది. జూదం వద్దు, అది కులనాశనానికి దారి తీస్తుంది అని విదురుడు నిండు సభలో చెప్పినప్పుడు దుర్యోధనుడు ఏమన్నాడు? మా తిండి తింటూ శత్రువుల మేలు కోరతావు, ఒడిలో పెంచుకున్న పాము లాంటివాడివి అన్నాడు. తర్వాత ధృతరాష్ట్రుడు కూడా కోపం వచ్చి, నీ ఇష్టమొచ్చిన చోటికి పో అన్నాడు. విదురుడు వెళ్ళిపోయాడు. మరి కొద్దిరోజులకే ఆ గుడ్డిరాజు తమ్ముడు లేక తల్లడిల్లిపోయి, సంజయుణ్ణి పంపి వెనక్కి పిలిపించుకున్నాడు. హస్తినాపురం మేలు కోరినవాడెవరో ఆయనకు లోపల తెలుసు.

1943లో జర్మనీలో హాన్స్ షోల్, అతని చెల్లెలు సోఫీ హిట్లర్ యుద్ధానికి వ్యతిరేకంగా మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో కరపత్రాలు పంచి పట్టుబడ్డారు. నాలుగు రోజుల్లో తల తీయించారు. సోఫీకి 21 ఏళ్ళు. ఇవాళ ఆ విశ్వవిద్యాలయం ముందున్న కూడలికి ఆ అన్నాచెల్లెళ్ళ పేరే ఉంది. కానీ హిట్లర్ కాలం తీసుకుంటే జవాబు తేలిక. ఎవరిది తప్పో అందరికీ తెలుసు. మన ప్రశ్న గట్టిగా పట్టుకునేది అంత తేలిక కాని చోట.

అలాంటి చోటు ఒకటి చెబుతాను. జానెట్ రాంకిన్ అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి మహిళ. అప్పటికి ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్ళకు ఓటే లేదు. ఆవిడ సభలో అడుగుపెట్టిన కొద్దిరోజులకే, 1917 ఏప్రిల్ 6న, మొదటి ప్రపంచ యుద్ధంలో చేరాలా వద్దా అన్న ఓటు వచ్చింది. "నా దేశం వెంట నిలబడాలనే ఉంది, కానీ యుద్ధానికి ఓటు వేయలేను" అంది. ఆ రోజు ఆవిడతో పాటు ఇంకో 49 మంది వద్దన్నారు. మళ్ళీ 1941 డిసెంబరు 8. ముందు రోజే జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. దేశమంతా రగిలిపోతోంది. యుద్ధానికి 388 ఓట్లు. వద్దన్న ఓటు ఒక్కటే, రాంకిన్‌ది. సభలోంచి బయటికి రాగానే జనం చుట్టుముట్టారు. ఆవిడ ఒక టెలిఫోన్ బూత్‌లో దూరి తలుపు వేసుకుంది. పోలీసులు వచ్చి ఆఫీసు గది దాకా తోడు తీసుకెళ్ళారు. అప్పటికి ఆవిడకు అరవై ఒక్క ఏళ్ళు.

నా అభిప్రాయం అడిగితే, 1941లో ఆవిడ పొరబడింది. ఇంటి మీద బాంబు పడ్డాక, అవతల హిట్లర్ లాంటివాడు ఉన్నాక, పోరాడక తప్పదని నేననుకుంటాను. అలాగని ఆవిడ దేశాన్ని ప్రేమించలేదని నేను చచ్చినా అనను. పొరపాటు వేరు, ద్రోహం వేరు. నాన్నా, నువ్వు ఆ రాత్రి కలిపేసింది ఈ రెండింటినీ. ఆ రోజుల్లోనే ఆవిడతో బొత్తిగా విభేదించిన ఒక పత్రికా సంపాదకుడు, ఈ నిర్ణయం తెలివైనదని మేం ఒప్పుకోం, కానీ ఎంతటి ధైర్యం అని రాశాడు. ఇప్పుడు అమెరికా పార్లమెంటు భవనంలో ఆవిడ విగ్రహం ఉంది. దాని కింద చెక్కిన మాట, యుద్ధానికి ఓటు వేయలేను అన్నదే.

పొరపాటు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది, దాని ఖరీదు చాలా ఎక్కువ. వియత్నాం యుద్ధం నడిచినప్పుడు, 1968 మొదటి దాకా, అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా. యుద్ధం వద్దని వీధుల్లోకి వచ్చిన కాలేజీ పిల్లల్ని ఆ రోజుల్లో పిరికివాళ్ళన్నారు, ద్రోహులన్నారు. 1995లో మెక్‌నమారాయే "మేం పొరబడ్డాం, ఘోరంగా పొరబడ్డాం" అని రాశాడు. అప్పటికి అమెరికా సైనికులే 58,000 మందికి పైగా పోయారు, వియత్నాం వాళ్ళు లక్షల్లో పోయారు. వాషింగ్టన్‌లో నల్లరాతి గోడ మీద ఆ సైనికుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. ఆ గోడ కొంచెం పొట్టిగా ఉండి ఉంటే బాగుండేదని అరిచినవాళ్ళు ఆ పేర్లున్న పిల్లలకు శత్రువులా?

అయితే చిన్నదానికీ ఒక మాట చెప్పాలి. యుద్ధం వద్దన్న ప్రతివాడూ గొప్పవాడని అనుకోకు తల్లీ. సొంత సైనికుల కదలికలు అవతలివాళ్ళకు చేరవేసేవాడు ద్రోహే, ఎంత శాంతి మాటలు చెప్పినా. సొంత సైనికుడి చావు విని సంతోషించేవాడితో నాకు పని లేదు. తన దేశం చేసిన తప్పుల్ని వేలెత్తి చూపుతూ, అవతలి దేశం చేసిన ఘోరాలకు కళ్ళు మూసుకునేవాణ్ణి కూడా నేను నమ్మను. నేను పైన చెప్పిన వాళ్ళలో ఎవరూ అలాంటివాళ్ళు కారు. వాళ్ళు సొంత ప్రభుత్వాన్ని ఎందుకు అడిగారంటే, అది తమ పేరు మీద, తమ పిల్లల ప్రాణాలతో పనిచేస్తోంది కాబట్టి. పక్కింటివాడి పిల్లవాడు తప్పు చేస్తే ముక్కున వేలేసుకుని ఊరుకుంటాం, మన పిల్లవాడు చేస్తే నిద్ర పట్టదు కదా.

పెద్దవాడా, నీకు సైన్యం మీద ఉన్న గౌరవం అలాగే ఉంచుకో. ఈసారి ఎవరైనా యుద్ధం వద్దంటే, ఎందుకు వద్దంటున్నావని మాత్రం అడుగు. జవాబు విన్నాక నీకు నచ్చకపోతే వాదించు, గట్టిగానే వాదించు. ఏ యుద్ధం న్యాయమైనదో, ఏది కాదో మీ ఇద్దరికీ తేడా రావచ్చు, నాకూ మీకూ రావచ్చు. చిన్నదీ, నువ్వు ఈసారి లేచి వెళ్ళిపోకు. "కాదు" అన్నాక కూర్చో. కారణం అప్పటికప్పుడు దొరక్కపోతే రేపు చెబుతాననయినా అను.

వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. ఆ రోజు మాట్లాడేది ముందు చిన్నది, తర్వాత పెద్దవాడు.

మీ తాతయ్య