అరుణాచల్ కొండల్లో దైవాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మానవశాస్త్ర పరిశోధన కోసం అరుణాచల్ ప్రదేశ్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ మిత్రులు నన్ను దాదాపు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. వాటి వెనకున్న అపోహలను ఇక్కడ చర్చిస్తాను.

అపోహ: అక్కడి వారందరూ బౌద్ధులే.

వాస్తవం: పర్యాటక ప్రకటనల్లో తరచుగా కనిపించేది తవాంగ్ మఠం కాబట్టి ఈ భావన ఏర్పడింది. 17వ శతాబ్దం చివర్లో వెలసిన ఆ మఠం మోన్పా తెగ వారిది. టిబెట్ బౌద్ధంలోని గెలుగ్ శాఖకు చెందినది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో బౌద్ధులు సుమారు 12 శాతమే. వారిలోనూ తూర్పున నామ్‌సాయి ప్రాంతంలో ఉండే ఖామ్తీ తెగ వారు, బర్మాలో ప్రధానమైన థేరవాద బౌద్ధ శాఖను పాటిస్తారు. వారి ఆచారాలు తవాంగ్ కంటే బర్మాకు దగ్గర.

అపోహ: అక్కడి గిరిజన విశ్వాసమైన దోన్యీ-పోలో అంటే కేవలం సూర్యచంద్రుల పూజ.

వాస్తవం: ఆదీ తెగ భాషలో దోన్యీ సూర్యుడు, పోలో చంద్రుడు అన్నది నిజమే. అయితే మన పురాణాలకు భిన్నంగా అక్కడ సూర్యుడు తల్లి. ఆ జంట పేరు ఆకాశంలోని రెండు గోళాలతో ఆగిపోదు. అన్నిటినీ చూస్తూ అబద్ధాన్ని పట్టుకునే సాక్షిగా, సత్యానికి ప్రమాణంగా దానిని తలుస్తారు. వ్యాధికి, పంటనష్టానికి కారణమయ్యే ఆత్మలు వేరు. వాటితో మాట్లాడి ఒప్పించే బాధ్యత పూజారిది. ఆపతానీ అనే మరో తెగ ఇళ్లలో ఆ పూజారి కోడి కాలేయంపై గుర్తులను, గుడ్డు లోపలి గీతలను పరీక్షించి ఏ ఆత్మకు ఏమి ఇవ్వాలో నిర్ణయిస్తాడు. గంటల తరబడి సాగే అతని మంత్రగానం వాడుక భాషలో ఉండదు కాబట్టి, నాకు అనువదించి చెప్పడానికి ఆ ఊరి యువకులే తడబడేవారు. ఇంత వివరమైన వ్యవస్థను ‘ప్రకృతి ఆరాధన’ అనే రెండు మాటల్లోకి కుదించడం, నా దృష్టిలో, తెలుసుకునే శ్రమను తప్పించుకోవడమే.

అపోహ: ఈ ఆచారాలు అనాదిగా మారకుండా వస్తున్నాయి.

వాస్తవం: క్రైస్తవం వేగంగా విస్తరిస్తున్న కాలంలో, మౌఖికంగా మాత్రమే నిలిచిన తమ దోన్యీ-పోలో విశ్వాసం చెదిరిపోతుందన్న ఆందోళనతో ఆదీ తెగకు చెందిన తాలోమ్ రుక్బో తదితరులు 1986లో సంస్థాగత ఉద్యమం ప్రారంభించారు. ‘గాంగింగ్’ అనే ప్రార్థనా మందిరాలు, సామూహిక ప్రార్థనలు, ముద్రిత ప్రార్థనా గీతాలు ఆ తర్వాత స్థిరపడినవే. పూర్వం గుడి లేదు, విగ్రహం లేదు.

అపోహ: అక్కడి కొండల్లోని మిథున్ అనే పశువు మన ఆవులాంటిదే.

వాస్తవం: దానిని పాల కోసం గానీ దుక్కి కోసం గానీ పెంచరు. చెవికి గాటు పెట్టి అడవిలో వదిలేస్తారు. పండుగ బలికి, కన్యాశుల్కానికి వెతికి తెస్తారు.

అపోహ: గిరిజన రాష్ట్రం కాబట్టి అందరిదీ ఒకే మతం.

వాస్తవం: 2011లో క్రైస్తవులు 30 శాతం, హిందువులు 29 శాతం, దోన్యీ-పోలో వంటి స్థానిక విశ్వాసాలు ప్రధానంగా ఉన్న ‘ఇతర మతాలు’ వర్గం 26 శాతం. నేను బస చేసిన ఒక ఇంట్లో పెద్ద కొడుకు ఆదివారం చర్చికి వెళ్లేవాడు. తల్లి మాత్రం కోడలి కాన్పుకు ముందు పూజారిని పిలిపించింది. ఆ పూజకు కావలసిన కోళ్లను కొని తెచ్చింది ఆ పెద్ద కొడుకే.