నెట్‌వర్క్ ర్యాక్ ఎర్తింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: సర్వర్ రూముకు విడిగా ఎర్త్ గుంత తీసి, బిల్డింగ్ ఎర్త్‌కు కలపకుండా ఉంచితే నెట్‌వర్క్ స్విచ్‌లు సేఫ్.

వాస్తవం: ఈ 'క్లీన్ ఎర్త్' అన్నిటికన్నా ప్రమాదం. బిల్డింగ్ ఎర్త్ 2 ఓమ్స్ ఉందనుకోండి. పిడుగు పడి 10 వేల ఆంపియర్లు దిగితే, ఆ క్షణం అది 20 వేల వోల్టులకు లేస్తుంది. దూరంగా ఉన్న మీ గుంత మాత్రం లేవదు. ఆ తేడా పడేది పవర్ సప్లై మీద, పోర్టుల మీద. మామూలు రోజుల్లోనూ ముప్పే: ఫేజ్ వైరు ర్యాక్ బాడీకి తగిలితే 5 ఓమ్స్ గుంతలోకి పోయేది మహా అయితే 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సి-కర్వ్ రకం ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే సప్లై ఆపేసే బ్రేకర్) వెంటనే పడాలంటే కనీసం 160 ఆంపియర్లు కావాలి. 46కి గంటైనా పడకపోవచ్చు. అంతసేపూ ర్యాక్ షాక్ కొడుతూనే ఉంటుంది. గుంత వేయించుకోండి, కానీ మెయిన్ ఎర్త్ బార్‌కు (బిల్డింగ్ ఎర్త్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీకి) కలపండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్) కూడా పెట్టండి.

అపోహ: స్విచ్‌ను ర్యాక్‌కు బోల్టు బిగించాం, ఎర్త్ అయిపోయినట్టే.

వాస్తవం: ర్యాక్ మీదున్న పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. లగ్గు (వైరు చివర ఉండే రంధ్రమున్న లోహపు ముక్క) కూర్చునే చోట లోహం మెరిసేదాకా గీకి, స్టార్ వాషర్ (పళ్లున్న వాషర్) వేసి బిగించాలి. రెండు రంధ్రాల లగ్గయితే తిరిగి వదులవదు. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు లాగితే చేతికొస్తుంది. లగ్గును వైరుకు నొక్కే క్రింపింగ్ టూల్, సరైన డై (నొక్కే అచ్చు) వాడాలి. ర్యాక్ నుంచి మెయిన్ ఎర్త్ బార్‌కు 16 చదరపు మి.మీ. రాగి వైరు, ప్రతి స్విచ్ నుంచి ర్యాక్‌లోని ఎర్త్ బార్‌కు విడిగా 6 చదరపు మి.మీ. వైరు. స్విచ్ నుంచి స్విచ్‌కు గొలుసులా వేస్తే, మధ్యది తీసిన రోజు మిగతావాటికి ఎర్త్ ఉండదు. మిగిలిన వైరును చుట్టగా చుట్టి కట్టొద్దు, కత్తిరించండి. ముందు ఎర్త్, తర్వాత పవర్. విప్పేటప్పుడు ఎర్త్ చివర.

అపోహ: మల్టీమీటర్ బజర్ మోగింది, కనెక్షన్ బాగుంది.

వాస్తవం: 30 ఓమ్స్ ఉన్నా మోగే మీటర్లున్నాయి. ఒక్క పోగు తగిలినా మోగుతుంది. మనకు కావలసింది 0.1 ఓమ్ లోపు. మామూలు మీటర్ ప్రోబ్ వైర్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి లో-ఓమ్ మీటర్‌తోనే (చాలా తక్కువ ఓమ్స్‌ను కొలిచేది) చూడాలి.

అపోహ: సాకెట్‌లో ఎర్త్ రాకపోతే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు జంపర్ వైరు వేయొచ్చు.

వాస్తవం: ఎప్పుడూ వద్దు. వెనకాల న్యూట్రల్ తెగితే లోడ్ (ఆన్‌లో ఉన్న పరికరం) గుండా 230 వోల్టులు బాడీ మీదికొస్తాయి.

అపోహ: ఫైబర్‌కు ఎర్త్ ఎందుకు?

వాస్తవం: గాజు పోగుకు అక్కర్లేదు. ఆర్మర్డ్ కేబుల్‌లోని ఉక్కు రేకుకు కావాలి. భవనంలోకి వచ్చే చోటే దాన్ని ఎర్త్ బార్‌కు కలపండి, లేదా లోహం లేని కేబుల్ తెప్పించుకోండి.