చీకటి గదిలో వెలుగు చుక్క

పూర్తిగా చీకటి చేసిన గదిలో, కొంత దూరంలో, ఒక చిన్న వెలుగు చుక్క. అది నిజానికి కదలదు. అయినా కాసేపు చూస్తూ ఉంటే కదులుతున్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే దాని స్థానాన్ని పోల్చుకోవడానికి ఆ చీకటిలో మరే ఆనవాలూ ఉండదు. తుర్కియేలో పుట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ ఈ భ్రాంతిని ఆధారం చేసుకొని చేసిన ప్రయోగాలను 1935లో ప్రచురించారు. చుక్క ఎంత దూరం కదిలిందో చెప్పమన్నప్పుడు, ఒంటరిగా కూర్చున్న వారు ఒక్కొక్కరూ తమదైన ఒక కొలతకు స్థిరపడ్డారు. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పమన్నప్పుడు మాత్రం, ఎవరూ ఎవరితోనూ వాదించకపోయినా, వారి అంచనాలు క్రమంగా దగ్గరపడి ఒక ఉమ్మడి కొలత ఏర్పడింది. ఆ తర్వాత వారిని విడివిడిగా కూర్చోబెట్టినా ఆ ఉమ్మడి కొలతనే చెబుతూ వచ్చారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. ఇతరుల మాటల ప్రభావం మీ మీద పడిందా అని అడిగితే, ఎక్కువ మంది లేదన్నారు. పక్కవారు నోరు తెరవకముందే తమ అంచనా తమ మనసులో ఉందని చెప్పారు. వారు అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. చూపే మారిపోయినప్పుడు, మారిందని తెలిపే గుర్తు మనసులో మిగలదు.

గీతల పొడవులను పోల్చమని సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాలు ఇంతకంటే ప్రసిద్ధమైనవి. అక్కడ ముందే మాట్లాడి పెట్టుకున్న గుంపు తప్పు జవాబు చెబుతుంటే, కీలక సందర్భాల్లో దాదాపు మూడో వంతు జవాబులు గుంపువైపే మొగ్గాయి. అయితే వారిలో చాలా మందికి తాము తల ఒగ్గుతున్నామని తెలుసు. తెలిసి తల ఒగ్గినవాడు గది దాటాక తన అభిప్రాయాన్ని తిరిగి తీసుకోగలడు. షెరీఫ్ గదిలో కూర్చున్న వారికి ఆ అవకాశం లేదు. అందుకే నిత్యజీవితానికి షెరీఫ్ గదే దగ్గరని నా నమ్మకం. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి ముందు, అక్కడ లేని ఒక సహోద్యోగి గురించి అందరూ చులకనగా మాట్లాడతారు. మొదటి రోజు అతనికి ఇబ్బందిగా ఉంటుంది, కొన్నాళ్లకు ఊరకుంటాడు, ఇంకొన్నాళ్లకు నవ్వుతాడు, చివరికి ఆ మాటను తానే ఎత్తుకుంటాడు. ఈ మెట్లలో ఏ ఒక్కటీ ఆగి ఆలోచించవలసినంత ఎత్తుగా ఉండదు.

1961లో రాబర్ట్ జేకబ్స్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అదే చీకటి గదికి ఒక కొత్త మలుపునిచ్చారు. తమ మనుషుల చేత కావాలనే చాలా పెద్ద కొలత చెప్పించి, తర్వాత వారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ ఆ స్థానంలో కొత్తవారిని చేర్చారు. ఆ అబద్ధాన్ని ప్రవేశపెట్టినవారు ఒక్కరూ మిగలకపోయినా, దాని ప్రభావం ఇంకా కొన్ని ‘తరాల’ పాటు, మెల్లగా సన్నగిల్లుతూ కొనసాగింది. అప్పటికి ఆ మాట చెబుతున్న వారందరూ నిజాయతీపరులే!

ప్రయోగశాల వెలుపల ఇలాంటి మార్పును చాలా కాలం గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త థియోడోర్ న్యూకోంబ్. ఆయన అధ్యయనం చేసిన, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న బెన్నింగ్టన్ అప్పట్లో మహిళా కళాశాల. విద్యార్థినుల్లో ఎక్కువ మంది సంపన్న, సంప్రదాయవాద కుటుంబాల నుంచి వచ్చినవారు. 1936 అధ్యక్ష ఎన్నికల సమయంలో మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో 62 శాతం సంప్రదాయవాదుల పక్షమైన రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి లాండన్‌ను సమర్థించగా, చివరి రెండు సంవత్సరాల వారిలో ఆ సంఖ్య 15 శాతం దగ్గరే ఉంది. అధ్యాపకులు ఉదారవాదులు, తోటివారి మెప్పు పొందే విద్యార్థినులూ ఉదారవాదులే. అక్కడ అభిప్రాయం మారడమంటే ఆ సమాజంలో కలిసిపోవడమే. దాదాపు పాతికేళ్ల తర్వాత న్యూకోంబ్ వారిని మళ్లీ కలిస్తే, చాలా మందిలో ఆ మార్పు నిలిచే ఉంది. అది నిలవడానికి భర్తలు, స్నేహితులు కూడా అలాంటి అభిప్రాయాలవారే కావడం ఒక ముఖ్య కారణమని ఆయన గుర్తించారు. కళాశాలలో మారిన మనసు తనకు తగిన పరిసరాలను వెతుక్కుంది, ఆ పరిసరాలు తిరిగి ఆ మనసును కాపాడాయి.

కళాశాలలో ఉన్నంత కాలం మారనివారూ కొందరున్నారు. వారు తోటివారికి లొంగని స్వతంత్రులని మనకు తోచవచ్చు. న్యూకోంబ్ దగ్గరగా పరిశీలించినప్పుడు, వారిలో పలువురు ఇంటితో, తల్లిదండ్రులతో గట్టి బంధం తెంచుకోనివారని తేలింది.