గుడ్డతో క్రిస్మస్ అలంకరణలు: అపోహలు – వాస్తవాలు

డిసెంబరు దగ్గరపడుతున్నదంటే చాలు, నల్లగొండలో నా దగ్గర కుట్టుపని నేర్చుకునే మహిళలు గుడ్డ నక్షత్రాలు, గంటలు, తోరణాలు ఇంట్లోనే ఎలా కుట్టుకోవాలని అడుగుతుంటారు. వారి మాటల్లో తరచూ వినిపించే కొన్ని అపోహల వల్ల మంచి గుడ్డ పాడవుతుంది. వాటిలో ఒకటి ప్రాణాలకే ముప్పు తెస్తుంది.

అపోహ: ఫెల్ట్ గుడ్డ లేనిదే ఈ పని సాధ్యం కాదు.

ఫెల్ట్‌ను నేయరు, పీచును ఒత్తి తయారుచేస్తారు. అందువల్ల ఎక్కడ కత్తిరించినా పోగులు ఊడవు. దాని సౌకర్యం అంతవరకే. నేత గుడ్డను వాడేటప్పుడు కుట్టు బయట 6 మిల్లీమీటర్ల గుడ్డ వదిలినా, వెనుక అతుకు బక్రం (ఇస్త్రీ వేడికి గుడ్డకు అంటుకునే గట్టి పొర) వేసి ఇస్త్రీ చేసినా అంచు నిలబడుతుంది. పైగా పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఇక్కత్ నేత గుడ్డలు మనకు అందుబాటులో ఉండగా ఫెల్ట్ కోసం వెతకడం నాకు సబబుగా తోచదు. ఇక్కత్‌లో పోగులకు ముందే కట్లు కట్టి, రంగులద్ది, ఆ తరువాత నేస్తారు కనుక డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చు గుడ్డకు ఆ గుణం ఉండదు, దాని వెనుక వైపు వెలవెలబోతుంది. గాలికి అటూ ఇటూ తిరిగే త్రికోణపు తోరణాలను ఇక్కత్ ముక్కలతో ఒకే పొరగా, అంచు మడిచి కుట్టుకోవచ్చు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాల్ అనే ఇక్కత్ గుడ్డకు సంప్రదాయ వర్ణాలు ఎరుపు, నలుపు, తెలుపు. పండుగకు అవి చక్కగా నప్పుతాయి. అయితే అలంకరణ కోసం నిండు రుమాలును కత్తిరించవద్దని, రవికలు కుట్టగా మిగిలిన ముక్కలనే వాడాలని నా విన్నపం.

అపోహ: ఉప్పునీటిలో నానబెడితే ఎరుపు రంగు దిగదు.

నూలుకు వేసే రియాక్టివ్ రంగుల విషయంలో, అద్దకం జరిగే సమయంలో ఉప్పు రంగును పోగులోకి చేర్చుతుంది, సోడా దానిని పోగుతో బంధిస్తుంది. అద్దకం ముగిసిన గుడ్డను ఇంట్లో ఉప్పునీటిలో ముంచినందువల్ల విడి రంగు కొత్తగా అతుక్కోదు. ఎర్ర గుడ్డను విడిగా, నీళ్లు తేటపడేదాకా ఉతకాలి. ఆరిన తరువాత తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. నూలు గుడ్డ తొలి ఉతుకులోనే ముడుచుకుపోతుంది కనుక, ఏ రంగుదైనా కత్తిరించే ముందే ఉతకడం మేలు.

అపోహ: నక్షత్రం మొనలు మిషన్ కుట్టుకే చక్కగా వస్తాయి.

మొనలను తీర్చేది మిషన్ కాదు, కత్తెర. ముక్కల మంచి వైపులను ఎదురెదురుగా పెట్టి కుట్టిన తరువాత, లోపలి మూలల దగ్గర కుట్టుకు ఒకటి రెండు పోగుల దూరం వరకు గాటు పెట్టాలి. ఆ గాటు లేకపోతే తిప్పినప్పుడు అక్కడ ముడత నిలిచిపోతుంది. మొన దగ్గర ఒక్కసారిగా మలుపు తిప్పకుండా అడ్డంగా ఒక కుట్టు వేసి, అదనపు గుడ్డను కత్తిరించి, మొద్దు కొన ఉన్న పుల్లతో మెల్లగా బయటికి నెట్టాలి. చేతికుట్టుతోనూ ఇదంతా చక్కగా వస్తుంది. నింపడానికి వదిలే సందు మొన దగ్గర కాక, తిన్నని అంచు మీద ఉండాలి.

లోపల దూదే నింపాలన్న నియమమూ లేదు. దూది తేమ పీల్చి ఉండలు కడుతుంది. రెక్రాన్ (పాలిస్టర్ దూది) తేలికగా ఉండి, ఉతికినా త్వరగా ఆరుతుంది. సన్నని సరుగుడు కొమ్మకు వేలాడదీసేవారు బరువును తప్పక చూసుకోవాలి.

అపోహ: గుడ్డ నక్షత్రంలో ఏ బల్బు పెట్టినా ఫరవాలేదు.

అన్నింటిలోకీ ప్రమాదకరమైన నమ్మకం ఇది. ఫిలమెంట్ బల్బు తీసుకున్న విద్యుత్తులో అధిక భాగం వేడిగా మారుతుంది. నూలు అంటుకుని మండుతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బునే వాడాలి, అదీ గుడ్డకు తగలకుండా మధ్యలో వేలాడాలి. కొవ్వొత్తులను ఈ అలంకరణల దరిదాపుల్లో ఉంచకూడదు, పడుకునే ముందు దీపాల స్విచ్ ఆపివేయాలి.